గోరంత చక్రానికి మైనం

బొటనవేలి గోరంత పళ్ల చక్రం విరగడంతో సీతారామారావు మాస్టారు చేసిన ఆయిల్ ఇంజను నమూనా ఆగిపోయింది. అది 1974 మార్చి. సోమవారం బందరులో సైన్సు ప్రదర్శన. శుక్రవారం ఆయన తిరువూరులో ముప్పయ్యేళ్లుగా ఇత్తడి గంటలు, దీపపు కుందెలు పోతపోస్తున్న కోటాచారి దగ్గరికి వచ్చారు.

"పాత చక్రాన్నే అతికించి మట్టిలో అద్ది పోసెయ్ చారీ."

"ఇత్తడి చల్లారాక కుదించుకుపోద్దండి. పళ్లు పక్క చక్రాన్ని అందుకోవు. మైనంతో కాస్త పెద్దది చెక్కాలి."

వట్టి తేనెమైనం ఆ ఎండకు చేతిలోనే మెత్తబడింది. గుగ్గిలం కలిపితే గట్టిపడింది కానీ, చెక్కుతుంటే పళ్లు పుటుక్కున విరిగాయి. చారి ఏ సాకూ చెప్పకుండా మాస్టారి ఎదుటే మళ్లీ కరిగించాడు. ఈసారి మైనం పెంచి, చుక్క ఆముదం వేశాడు. చల్లారాక గోటితో నొక్కితే నొక్కు పడింది, ముక్క విరగలేదు. అప్పుడు చెక్కాడు. పళ్ల సందుల్లోకి దిగేలా పుట్టమన్నును పంచెగుడ్డలో జల్లించి పూత పూశాడు. అది ఆరాక కాల్చి, మైనం కరిగి కారిపోయిన ఖాళీలో ఇత్తడి పోశాడు.

ఆదివారం మూస పగలగొట్టి, చక్రాన్ని ఆకురాయితో నున్నచేసి బిగించాడు. మాస్టారు తిప్పారు. రెండు చక్రాలూ పట్టుకుని తిరిగాయి.

"బస్సు కుదుపులకి ఊడిపోదు కదా?"

"బస్సు చక్రం ఊడుద్దేమో కానండి, ఇది ఊడదు."