గాలయ్య మొహం మీది మచ్చలు

అరవైల్లో మెదక్ పట్టణంలో పెయింటర్ వాహెద్‌ను ఎరగనివాళ్ళు లేరు. బతుకు గడిచేది దుకాణాల బోర్డులతో అయినా, ఆయనకు పేరు తెచ్చినవి చనిపోయినవాళ్ళ బొమ్మలు. ఫోటో అంటూ దిగకుండానే పోయినవాళ్ళు అప్పట్లో ఎక్కువ. ఇంటివాళ్ళు ఎదురుగా కూర్చుని ముక్కు ఇట్లా, మీసం అట్లా అని చెబుతుంటే ఆయన గీసేవాడు. నల్లటివాళ్ళను తెల్లగా చేసేవాడు, బట్టతలకు జుట్టు పెట్టేవాడు. ఇంటివాళ్ళు మురిసిపోయేవాళ్ళు. మురవక ఏం చేస్తారు పాపం?

అన్నిట్లోకీ గొప్ప పేరు తెచ్చింది గాలయ్య బొమ్మ. గాలయ్య వాహెద్ దుకాణం పక్కనే చాయ్ అమ్మేవాడు. చిన్నప్పుడు అమ్మవారు పోసి మొహమంతా మచ్చలు. జ్వరంతో పోయాడు. బొమ్మ గీయించడానికి వచ్చిన భార్య ఆగమ్మ, "మచ్చలు మర్వకు భాయ్" అంది.

వాహెద్ నవ్వేశాడు. "గోడకు పెట్టుకునే బొమ్మల మచ్చలెందుకు చెల్లె? మస్తు చేస్త, సూడు."

నున్నటి బుగ్గలతో, ఎన్నడూ తొడగని కోటుతో గాలయ్య తయారయ్యాడు. ఆగమ్మ ఆ బుగ్గలను ఒకసారి వేలితో తడిమి, బొమ్మను ఇంటికి తీసుకుపోయింది. చూసినవాళ్ళు మాత్రం ఆహా అన్నారు. ఆ బొమ్మ సంగతి విని కుల్చారం నుంచి, శివ్వంపేట నుంచి జనం వచ్చారు. వాహెద్ దుకాణం పెద్దదైంది, నడకా మారింది.

కొన్నేళ్ళకు ఆగమ్మ ఆ బొమ్మను పాత చీరలో చుట్టుకుని మళ్ళీ దుకాణానికి వచ్చింది.

"కండ్లు మూస్తె గీ కోటాయనే వస్తుండు భాయ్. నాతోని బతికిన మనిషి వస్తలేడు. జర మచ్చలు పెట్టియ్యి."

"గంతే గద" అంటూ వాహెద్ కుంచె తీశాడు. కుడి బుగ్గ దాకా పోయి ఆగాడు. నుదుటి దాకా పోయి మళ్ళీ ఆగాడు. రోజూ ఆ మొహం చూస్తూ చాయ్ తాగినవాడే. గుర్తు చేసుకోబోతే తను వేసిన బొమ్మే ఎదురొచ్చింది.

"యాడ యాడ ఉండె, చెప్పు చెల్లె."

"గదే యాదికొస్తలేదు. నువ్వు రోజు సూస్తివి గద!"

ఏవో నాలుగు చుక్కలు పెట్టేసి ఇవే అంటే ఆమె నమ్మేది. ఇన్నాళ్ళూ అందరికీ ఆయన చేసిందదే కదా. ఈసారి చెయ్యి రాలేదు. సిగ్గుపడి కుంచె కింద పెట్టేశాడు.

"నాక్కూడ యాదికి లేదు చెల్లె. తప్పు చేసిన."

ఆగమ్మ బొమ్మను మళ్ళీ చీరలో చుట్టుకుంది. "అయితే ఇగ ఆయన మొఖం ఎవ్వలికాడ లేదన్నట్టు" అని వెళ్ళిపోయింది. అందులో కోపం లేదు. కోపం ఉంటే వాహెద్ ఆ రోజు అన్నం తినగలిగేవాడేమో.

ఆ తర్వాత ఆయన ఎవరొచ్చినా ముందు మచ్చలూ సొట్టలూ అడిగేవాడు. చాలామంది నొచ్చుకుని వేరే పెయింటర్‌ను వెతుక్కున్నారు. ఆయన ఆపలేదు. ఎవరైనా ఆశపడి, "మా నాయినను గూడ గాలయ్య లెక్కనే చెయ్యుండ్రి" అంటే మాత్రం తల అడ్డంగా ఊపేవాడు.

"గాలయ్యను నేను ఎన్నడు చెయ్యలే."