మా ఆవుకు కూడా తమిళం నేర్పిన రోజులు

ట్రాక్టరు టైరు పగిలిన రోజున మాకు మొదటిసారి అనుమానం వచ్చింది. మాది తమిళనాడులో హోసూరు దగ్గర బేరిగై. ఆ చప్పుడుకు సరిహద్దు అవతల కర్ణాటకలో కాకులు కూడా లేచిపోయి ఉంటాయి. కుక్క మంచం కిందికి దూరింది. మా అమ్మ దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలిచింది. నేను రోజాపూల బుట్టను నా నెత్తినే బోర్లించుకున్నాను. మా పాప లచ్చి మాత్రం చాప మీద వెల్లకిలా పడుకుని ఫ్యాను వైపే చూస్తూ ఉంది. తోటి పిల్లలు పాకుతూ పక్కింటి కోళ్ళను తరిమే వయసు దానిది. అదింకా కూర్చోవడం కూడా లేదు.

"దీనికి చెవులు వినపడవేమో," అంది నా భార్య మంజుల, మెల్లగా.

ఆ తర్వాత నేను ఒకచోట కుదురుగా కూర్చున్న గుర్తు లేదు.

కృష్ణగిరిలో వినికిడి చూసే బెరా టెస్ట్ చేశారు. దానికి పాపను నిద్రపుచ్చాలి. మేం పాడిన జోలకు ముందు నేను, ఆ వెనక వాచ్‌మన్ నిద్రపోయాం. చివరికి మా మీద దయతలచి అదీ కళ్ళు మూసింది.

"చెవులు బాగుండాయి," అంది డాక్టరమ్మ. "వింటాది, తిరిగి చూసేకే టైం పడతాది. నడక, మాట అన్నీ లేటుగా వస్తాయి, గ్లోబల్ డెవలప్‌మెంటల్ డిలే. ఎర్లీ ఇంటర్వెన్షన్, అదే చిన్నప్పుడే ఇచ్చే థెరపీ, ఇప్పుడే మొదలుపెట్టండి."

పేరు మా ఊరి బస్సు బోర్డు కన్నా పొడుగు. "ఎన్నాళ్ళకు సరిపోతాదమ్మా?" అని అడిగాను.

"నాళ్ళు లెక్కపెట్టద్దప్పా. పాప ఏం చేస్తా ఉందో అది చూడు."

అలా బేరిగై నుంచి హోసూరు, హోసూరు నుంచి కృష్ణగిరి తిరుగుడు మొదలైంది. ఆ దారిలో గుంతలన్నింటికీ నేను పేర్లు పెట్టగలను. ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్లో థెరపిస్టు బర్గూరావిడ, మాలాగే తెలుగు మాట్లాడేది. ఫిజియో, చేతులతో పనులు నేర్పే ఓటీ, స్పీచ్, అన్నింటికీ మమ్మల్ని పక్కనే కూర్చోబెట్టేవాళ్ళు. నెలల తరబడి తిరిగాక లచ్చి కూర్చోవడం నేర్చుకుంది, నేను మరిచిపోయాను. అది నడిచింది. మా అమ్మను "అవ్వ" అంది. ఆ వెనక "నీల్లు" అంది. ఒకరోజు అంబలి గిన్నె ఖాళీ కాగానే "ఇంగ" అంది. ఇంకా కావాలని. ఆ రోజు మా అమ్మ పోసిన అంబలితో చెరువు నింపవచ్చు. ఇక ఉయ్యాలకు ఇంగ, ముద్దుకు ఇంగ, ఆవు తోక పట్టుకుని ఇంగ.

మూడేళ్ళు నిండాక బర్గూరావిడ దానికి రిటైర్మెంటు ఇచ్చింది. "ఇంగ ఈడ చాలప్పా. పిల్లోళ్ళతో కలవల్ల. హోసూర్లో స్పెషల్ ప్రీస్కూల్ ఉండాది, ఆడ చేర్పించు."

వెళ్ళాం. అక్కడి టీచరమ్మ తమిళంలో చెప్పిన మాటల సారాంశం ఇది: ఒక నెల చూస్తాం. తనకు కావలసింది మాటతోనో సైగతోనో అడగగలిగితే ఈ పిల్లల్లో ఉంచుతాం. లేకపోతే మళ్ళీ విడిగా థెరపీకే. ఇంకో సంగతి, అమ్మానాన్నలు గేటు బయటే.

తిరుగు బస్సులో మంజుల గొణిగింది. "ఆడ అంతా తమిళమే. దీని 'ఇంగ' ఎవురికి తెలుస్తాది?"

ఆ బస్సు దిగేలోపే మా ఇంట్లో తెలుగు నిషేధమైపోయింది. బడి తెరిచేలోగా పిల్లకు తమిళం వచ్చేయాలి. ఆవును కూడా తమిళంలోనే అదిలించాను, అది పాలు ఎగ్గొట్టింది. మంజుల టీవీ చూసి నేర్చుకున్న తమిళంలో మాట్లాడితే, అన్నం వడ్డిస్తున్నా కోర్టులో వాదిస్తున్నట్టుండేది. అందరికన్నా కష్టం మా అమ్మది. ఆమెకు తెలిసిందల్లా సంతలో బేరమాడే తమిళం. ఎవ్వళవు అంటే ఎంత, వేండాం అంటే వద్దు, కొరచ్చుక్కో అంటే తగ్గించు. మనవరాలి ముందు అంబలి పెట్టి "ఎవ్వళవు?" అనేది. పిల్ల చెయ్యి చాస్తే, ఇంకేమీ రాక, "వేండాం, వేండాం" అనేది.

మేం నవ్వుకున్నాం. లచ్చి నవ్వలేదు. ముందు "నీల్లు" పోయింది. ఆ తర్వాత గిన్నె ఖాళీ అయితే దాన్ని విసిరికొట్టడం మొదలైంది. "ఇంగ" పోయింది. మా అమ్మ చీర కొంగు పట్టుకుని ఆమె నోటివైపు చూస్తూ కూర్చునేది.

బడి మొదలైంది. నేను గేటు ఎదురుగా టీ అంగడి ముందు అటూ ఇటూ తిరిగేవాణ్ణి. అంగడాయన విసిగిపోయి, "కూర్చోప్పా, నా తల తిరగతా ఉంది," అనేవాడు. గోడ మీదుగా తొంగి చూస్తే లచ్చి ఒక మూల నిలబడి తన చెయ్యి తానే కొరుక్కుంటూ కనిపించేది.

నెలలో సగం గడిచిపోయాక టీచరమ్మ పిలిచింది. "ఏమీ అడగడం లేదు. ఇంట్లో ఏం భాష?" అంది తమిళంలో.

"తమిళమే," అన్నాను గర్వంగా, నా తమిళంలో.

ఆమె హోసూరు తెలుగులోకి దిగింది. "నీ తమిళం వింటే నాకే ఏడుపు వస్తాదప్పా. పిల్ల ఏం చేస్తాది? ముందర మాట్లాడతా ఉండెనా?"

నేను ఫోను తీశాను. ఉయ్యాల మీద లచ్చి "ఇంగ, ఇంగ" అంటున్న పాత వీడియో. ఆమె రెండోసారి కూడా చూసింది.

"ఇది నాకు మొదటి రోజే చూపించల్ల. ఇంట్లో మీ మాటే మాట్లాడండి. ఒక మాట గట్టిగా పట్టుకుంటేనే రెండోది వస్తాది. ఈడ తమిళం నేను చూసుకుంటా."

ఇంటికెళ్ళి చెప్పగానే మా అమ్మ లచ్చిని ఒళ్ళోకి లాక్కుని, అన్నాళ్ళూ దాచిపెట్టిన తెలుగంతా ఒక్క గుక్కలో కుమ్మరించింది. ఆ రాత్రి ఏమీ జరగలేదు. తెల్లారీ జరగలేదు. టీ అంగడి ముందు నా చెప్పులు అరిగి భూమి తగిలింది. నెల ముగుస్తుండగా ఒకరోజు గోడ ఎక్కి చూస్తున్నాను. టీచరమ్మ ఉయ్యాల ఊపి, ఆపి, "ఇంగ?" అని కాచుకుంది. ఆ కాచుకోవడంలో నేను ముసలివాణ్ణయిపోయాను.

"ఇంగ," అంది లచ్చి.

గోడ మీంచి ఎలా పడ్డానో అంగడాయన ఇప్పటికీ అందరికీ చేసి చూపిస్తాడు.

లచ్చిని ఆ పిల్లల్లోనే ఉంచారు. ఇప్పటికీ నడక తడబడుతుంది, కొత్తవాళ్ళు వస్తే చెయ్యి కొరుక్కుంటుంది. వారంలో ఒకరోజు స్పీచ్ థెరపీ సాగుతోంది. మొన్న గేటు దగ్గర నేను దాని వేలు పట్టుకుని లోపలికి నడవబోతే, విదిలించుకుని, "వేండాం" అంది. వెనక్కి చూడకుండా లోపలికి వెళ్ళింది.

మా అమ్మకు చెబితే, "నేను నేర్పించిందే గదా!" అని ఊరంతా చెప్పుకుంది.

ఎర్లీ ఇంటర్వెన్షన్ నుంచి బడికి మారే పిల్లలున్న వాళ్ళకు నాదొక్కటే మాట. మీ ఇంటి భాషను మార్చకండి. పిల్ల ఏ మాటతో, ఏ సైగతో ఏమడుగుతుందో ఫోనులో వీడియో తీసి, మొదటి రోజే కొత్త టీచరుకు చూపించండి. ఆ తర్వాత గేటు బయట కూర్చోండి. కూర్చోవడం నేనూ ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను.