వైరు మీద అరచేయి

మరమగ్గాల ఊరు నాగావ్‌లో మగ్గాల మోటర్లు బాగుచేసే అన్న ఒకాయన ఉండేవాడు. ఏ వైరు బిగించినా కాసేపు కరెంటు పారనిచ్చి, పసిపిల్ల నుదురు చూసినట్టు దానిమీద అరచేయి పెట్టేవాడు. "జరం లేదు" అన్నాడంటే పని అయిపోయినట్టే.

షికారుకని నేనొక పాత పడవ కొన్నప్పుడు ఆయన్నే పిలిచాను. దీపాలు, పాటల డబ్బా రెండు బ్యాటరీల మీద నడవాలి. ఇంజను తిరుగుతుంటే అవి ఛార్జి కావాలి. అందుకు లావు వైరు కావాలన్నాడు. దుకాణదారు కొడుకును, ఊరుకుంటానా? గంటసేపు బేరమాడి సన్నవైరుకు ఒప్పించాను. గెలిచిన సంతోషంలో ఛాయ్ కూడా తాగించాను.

మొదటి షికారుకు నా భార్య వచ్చింది. ఈత రాకపోయినా, నీళ్లంటే భయమైనా ఆయన కూడా పడవెక్కాడు.

"నేను కట్టిన వైరు సేటూ, నేను కూసోకుంటె ఎట్ల?"

ఖాడీ, అదే సముద్రపు పాయ, నడిమధ్యకు వచ్చాక ఆయన వైరు మీద అరచేయి పెట్టి చటుక్కున తీశాడు. వైరు కాలుతోంది. వెంటనే ఛార్జింగ్ స్విచ్చి ఆపేశాడు.

నా భార్య నావైపు తిరిగింది. "మీ బేరం ఎంత కాలుతున్నదో మీరు గూడ జర ముట్టి చూడుండ్రి."

"ఆయన్ను అనకు చెల్లె," అన్నాడాయన. "బేరమాడుడు సేటు పని. వద్దనుడు నా పని. నా పని నేను చెయ్యలె."

ఒడ్డు చేరేదాకా నా చొక్కా కొస పట్టుకునే ఉన్నాడు. నేను చూడనట్టే, మెల్లగా పడవ నడిపాను.