మాస్టరమ్మ నోట రాని మాట

ఆ హోటలు గుమ్మానికి ‘పనివాళ్ళు కావలెను’ అన్న బోర్డు కట్టి పదకొండేళ్ళయింది. మనుషులు దొరకగానే విప్పేద్దామనే కట్టారు. మనుషులు దొరికారు, పోయారు, మళ్ళీ దొరికారు, మళ్ళీ పోయారు. బోర్డు మాత్రం నమ్మకంగా నిలబడింది. ఆ హోటల్లో అంతకాలం మానకుండా కొలువు చేసింది ఇద్దరే. ఒకటి ఆ బోర్డు, రెండోది మాస్టరమ్మ.

మాస్టరమ్మ ఆ వంటగదికి పెద్ద దిక్కు. యాభై ఏడేళ్ళ మనిషి, పొట్టి, మోచేతుల దాకా పాత కాలిన మచ్చలు. ఇరవయ్యో ఏట అంట్లు తోమడానికి చేరి, తరగడం, వేయించడం, చివరికి పెద్ద పొయ్యి దగ్గర నిలబడటం ఒక్కొక్కటే చూసి నేర్చుకుంది. ఆవిడకు నేర్పిన ముసలి మాస్టరు ఏనాడూ బాగుందని అనలేదు. వంట కుదిరితే గరిటె కింద పెట్టి ‘ఊఁ’ అనేవాడు. కుదరకపోతే ఆ ‘ఊఁ’ కూడా ఉండేది కాదు. మాస్టరమ్మ వంటతోబాటు ఆ అలవాటు కూడా నేర్చుకుంది.

రుచి విషయంలో మాత్రం ఆవిడ మాటకు తిరుగులేదు. ఒకసారి ఓనరు తానే ఒక కొత్త వంటకం కనిపెట్టానని మురిసిపోతూ గిన్నె తెచ్చి ముందు పెట్టాడు. ఈ హోటలు పెట్టిన పెద్దాయన కొడుకు అతను. మాస్టరమ్మ చెంచాడు నోట్లో వేసుకుని, "ఇది తినేది కాదు బాబూ, పారబోసేది" అంది. ఓనరు రెండు రోజులు వంటగది వైపు రాలేదు. మూడో రోజు వచ్చి, పారబోయించాడు.

ఇక మెచ్చుకోలు సంగతి. ఎప్పుడో పదిహేనేళ్ళ కింద ఒక కుర్రాణ్ణి నోరారా మెచ్చుకుందట. వాడు నెల తిరక్కుండా పెద్ద హోటల్లో చేరిపోయాడు. అప్పటినుంచి "పొగిడితే కాళ్ళకు చక్రాలొస్తాయి" అన్నది ఆవిడ సిద్ధాంతం. ఆదివారాలు సెలవు లేకపోవడం వల్ల పోయాడేమో, జీతం చాలక పోయాడేమో, కిటికీ తీస్తే వెనకసందు చెత్తడబ్బాలు తప్ప మరేమీ కనబడని గదిలో పన్నెండు గంటలు నిలబడలేక పోయాడేమో అని ఆవిడకు తట్టలేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

"నోరు తెరిచి బాగుందంటే నీ సొమ్మేం పోతుందే?" అని ఆవిడ భర్త నవ్వేవాడు. బస్సు డ్రైవరుగా చేసి, మోకాళ్ళు అరిగి ఇంటిపట్టున ఉన్న మనిషి. పొద్దున్నే ఆవిడకు టీ పెట్టేది ఆయనే. ముప్పై ఏళ్ళలో ఆ టీ గురించి ఆయన విన్నదీ ‘ఊఁ’ మాత్రమే.

ఓనరు తన పాట్లు తాను పడ్డాడు. భోజనం ఉచితమన్నాడు, టోపీలు కుట్టించాడు. నెలనెలా మంచి పనివాడి ఫోటో గోడకు తగిలిస్తానన్నాడు. మొదటి ఫోటోకు ఫ్రేము కట్టించి తెచ్చేలోపల ఫోటోలోని మనిషి సెల్‌ఫోన్ల కొట్లో చేరిపోయాడు. ఫ్రేము ఖాళీగా ఉండటం ఎందుకని అందులో ధరల పట్టిక పెట్టారు.

కొత్తగా వచ్చినవాళ్ళకు మాస్టరమ్మ పరీక్ష ఒక్కటే. మాడిన గిన్నె ఒకటి చేతికిచ్చి తోమమనేది. లోపల అందరూ తోముతారు. తోమాక బోర్లించి, అడుగు చూసేది. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలదూ? అడుగు నల్లగా ఉంటే వారం, కొంచెం గీకి ఉంటే నెల, అంతే వాళ్ళ ఆయుష్షు.

ఆ పరీక్షకే ఒక సోమవారం పొద్దున చిటికె వచ్చింది. అప్పటికి ఆ పేరు లేదు. పంతొమ్మిదేళ్ళ పిల్ల, బక్కపలచగా, అన్నిటికీ "చిటికెలో చేసేస్తా మాస్టరమ్మా" అనేది. మధ్యాహ్నానికల్లా వంటగదిలో అందరూ చిటికె అనే పిలవడం మొదలుపెట్టారు. గిన్నె లోపల తోమింది, అడుగు తోమింది, పిడి అతుకు దగ్గర పేరుకున్న పాత జిడ్డు కూడా పుల్లతో గీకి తీసింది. మాస్టరమ్మ గిన్నె బోర్లించి చాలాసేపు చూసింది.

"ఇంట్లో ఎవరున్నారే?"

"అమ్మ కుట్టుపని చేస్తుంది. తమ్ముడు చదువుకుంటున్నాడు. వంట నాదే, ఎనిమిదేళ్ళప్పటినుంచి."

"ఊఁ" అంది మాస్టరమ్మ. వచ్చిన రోజే ‘ఊఁ’ సంపాదించిన మనిషి ఆ హోటలు చరిత్రలో మరొకరు లేరు.

రెండేళ్ళు గడిచాయి. చిటికె కొలతలు చూసేది కాదు. ఉప్పు మూడు వేళ్ళతో తీసి వేసేది, మూత తీసి ఆవిరి వాసన చూసి దించేది. మధ్యాహ్న భోజనాలకు హోటల్లోని పన్నెండు బల్లల మీదికీ వెళ్ళే సూపు మెల్లగా ఆ పిల్ల చేతికి వచ్చింది. పక్క ఆఫీసుల వాళ్ళు బ్రెడ్డు ముక్కతో గిన్నె అడుగు తుడుచుకుని మరీ తినేవారు. తోమేవాళ్ళకు పని తగ్గిపోయింది. తిరిగొచ్చిన గిన్నెలు చూసినప్పుడల్లా మాస్టరమ్మ కడుపు నిండిపోయేది. పైకి మాత్రం, "ఉల్లిపాయలు ఇంకా సన్నగా తరగాలి" అనేది.

ఇంటికెళ్ళి భర్తతో చెప్పేది. "ఆ పిల్ల చెయ్యి నా చేతికంటే గొప్పదండీ. నా మోకాళ్ళు ఇంకో రెండేళ్ళు ఆగితే చాలు, గరిటె దానికప్పజెప్పి వచ్చేస్తాను."

"ఆ మాట నాకెందుకు? పిల్లకు చెప్పు."

"చెబితే నిలుస్తుందా?"

ఒక మధ్యాహ్నం మూడింటికి, భోజనాల రద్దీ తగ్గాక, వంటగది గోడకున్న ఫోను మోగింది. ఊరవతల కొత్తగా పెట్టిన పెద్ద హోటలు మేనేజరు. మర్యాదగా మాట్లాడాడు.

"మీ దగ్గర పనిచేసే అమ్మాయి నిన్న మా ఇంటర్వ్యూకి వచ్చిందండీ. సూపు చేయించాం. చాలా బాగా చేసింది. ఆ ఒక్కరోజుకే కుదిరిందా, నిజంగా చేతిలో రుచి ఉందా, మీరే చెప్పాలి. మీ పేరు మాకు తెలుసు. మీ మాట మీదే తీసుకుంటాం."

నిన్న చిటికెకు సెలవు. అమ్మకు జ్వరమంది. మాస్టరమ్మకు ముందు ఆ అబద్ధమే గుచ్చుకుంది. ఆ వెంటనే లోపల్నుంచి గర్వం పొంగింది. అలాంటి చెయ్యి జన్మలో చూడరు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడే ఎదురుగోడ మీద వంటవాళ్ళ ఏప్రన్లు తగిలించే కొక్కేలు కనబడ్డాయి. ఆరు కొక్కేల్లో నాలుగింటికి మనుషులే లేరు. ఐదోదీ ఖాళీ అయితే ఎలా అనుకుంది.

"అదృష్టం బాగుండి కుదిరి ఉంటుంది లెండి," అంది. "చేతిలో రుచి లేదు. పక్కన నేనుండి చెప్తుంటే చేస్తుంది."

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. కానీ మాస్టరమ్మ నోరు జారలేదు. తెలిసి, ఒక్క క్షణం ఆగి, మాట కూర్చుకుని చెప్పింది. ముప్పై ఏడేళ్ళలో రుచి గురించి ఆవిడ ఆడిన మొదటి అబద్ధం అదే. ఫోను పెట్టేశాక చేతులు కడుక్కుంది, ఎందుకో తెలియకుండానే.

రెండు రోజుల తర్వాత ఉల్లిపాయలు తరుగుతూ చిటికె తనే చెప్పేసింది. "తిట్టండి మాస్టరమ్మా. అమ్మకు జ్వరం లేదు. కొత్త హోటలుకి ఇంటర్వ్యూకి వెళ్ళాను. ఆదివారాలు సెలవిస్తారట, జీతమూ ఎక్కువట, తమ్ముడి ఫీజుకి పనికొస్తుందని... వద్దన్నారు. అదృష్టం బాగుండి కుదిరిందట, చేతిలో రుచి లేదట."

తన మాటలే. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. మాస్టరమ్మ పొయ్యి వైపు తిరిగి మంట తగ్గించింది. "పోనీలే, ఇక్కడ పని లేదా నీకు?" అంది. ఉల్లిపాయలు కాబట్టి ఆ పిల్ల ఏడుస్తోందో లేదో తెలియలేదు.

మొదటి వారం మాస్టరమ్మకు హాయిగానే ఉంది. పిల్ల దక్కింది. రెండో వారంలో చిటికె సంచిలోంచి ప్లాస్టిక్ కొలత చెంచాల గుత్తి ఒకటి బయటికొచ్చింది. ఉప్పు చెంచాతో కొలవడం మొదలుపెట్టింది. కొలిచి, వేసి, రుచి చూసి, మళ్ళీ చూసి, అంట్లు తోమేవాణ్ణి పిలిచి చూడమని, మళ్ళీ వేసేది. ఆవిరి వాసన చూడటం మానేసింది. ఒకరోజు సూపు ఉప్పుకషాయం, మర్నాడు చప్పిడి. గిన్నెలు సగం నిండుగా తిరిగి రాసాగాయి. బాగున్న చేతిని అనుమానం తినేస్తుంటే మాస్టరమ్మ రోజూ కళ్ళారా చూసింది.

నెలరోజులకు ఉండబట్టలేక ఆవిడే కొత్త హోటలుకి ఫోను చేసింది. "ఆ అమ్మాయి గురించి నేను తప్పు చెప్పాను" అంది. మేనేజరు, "అయ్యో, ఆ ఉద్యోగంలో వేరే వాళ్ళు చేరిపోయారండీ" అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? ఆ సామెత ఆవిడే కుర్రాళ్ళతో రోజుకు పదిసార్లు అనేది.

మర్నాడు అనుకోకుండా సూపు కుదిరింది. చిటికె వేరే ధ్యాసలో ఉండి, చెంచా మరిచిపోయి, ఎప్పటిలా మూడు వేళ్ళతో ఉప్పు వేసింది. మాస్టరమ్మ రుచి చూసింది. గరిటె కింద పెట్టింది. "బాగుంది" అంది. వినబడలేదేమోనని, "చాలా బాగుందే" అని మళ్ళీ అంది.

చిటికె ముఖం వెలగలేదు, పాలిపోయింది.

"రెండేళ్ళలో ఒక్కసారీ బాగుందనలేదు మీరు. ఇప్పుడంటున్నారంటే నా మీద అంత జాలేసిందా మాస్టరమ్మా?"

ఆ శనివారమే పని మానేస్తున్నానని చెప్పింది. పార్సిళ్ళు కట్టే గోడౌనులో చేరుతోందట. కుర్చీ ఉంటుంది, పైన ఫ్యాను తిరుగుతుంది, పెట్టెలకు టేపు అంటించడమే పని. "అక్కడ రుచితో పనిలేదు" అని నవ్వింది. ఓనరు జీతం పెంచుతానన్నాడు, ఆదివారాలు కూడా ఇస్తానన్నాడు. అదేదో ఆర్నెల్ల ముందు ఇచ్చి ఉంటే ఈ కథే లేదు. పిల్ల తల అడ్డంగా ఊపింది.

చివరిరోజు మధ్యాహ్నం చిటికె తన ఏప్రన్ ఉతికి, ఇస్త్రీ చేసి తెచ్చి, కొక్కేనికి తగిలించింది. వంగి మాస్టరమ్మ రెండు చేతులూ పట్టుకుంది. "చేతిలో రుచి లేకపోయినా రెండేళ్ళు భరించారు. ఎప్పటికీ మరిచిపోను."

ఇక మాస్టరమ్మ తట్టుకోలేకపోయింది. పిల్లను కూరగాయల బస్తాలుండే కొట్టుగదిలోకి లాక్కెళ్ళి తలుపు మూసింది.

"ఆ మాట అన్నది వాళ్ళు కాదే. నేను. ఫోను చేస్తే నేనే చెప్పాను చేతిలో రుచి లేదని. అబద్ధం చెప్పాను. నువ్వు పోతావని భయమేసింది. నీలాంటి చెయ్యి నా జన్మలో చూడలేదు, నాకే లేదు అలాంటి చెయ్యి. నన్ను కొట్టు, తిట్టు, వంట మాత్రం మానకు."

ఆవిడ ఏడుస్తోంది. ఎవరైనా ఆవిడ ఏడవగా చూడటం ఆ హోటల్లో అదే మొదటిసారి. చిటికె కోప్పడుతుందనుకుంది. కోప్పడితే బాగుండుననీ అనుకుంది. చిటికె బస్తా మీద మెల్లగా కూర్చుంది.

"మీరన్నారా?" అంది. "అయితే నిజమేనన్నమాట."

"అబద్ధమని చెప్తున్నాను కదే!"

"వాళ్ళన్నారని అనుకున్నన్నాళ్ళూ లోపల ఎక్కడో చిన్న ఆశ ఉండేది మాస్టరమ్మా, వాళ్ళకేం తెలుసులే అని. మీకు తెలుసు. రుచి దగ్గర మీరు ఓనరుకే అబద్ధం చెప్పలేదు, పరాయి మేనేజరుకు చెప్తారా? ఇదంతా నేను బాధపడకూడదని అంటున్నారు. నాకు తెలుసు."

ఆవిడ ఒట్లు పెట్టింది. దేవుడి మీద, భర్త మీద, తన చేతుల మీద. చిటికె తన చున్నీతో ఆవిడ కళ్ళు తుడిచి, పెద్దవాళ్ళు చిన్నపిల్లల్ని ఊరడించినట్టు వీపు నిమిరి, బస్సు టైమైందని లేచింది.

ఆ సాయంత్రం మాస్టరమ్మ ఇంట్లో ఏమీ తినలేదు. మర్నాడు పొద్దున భర్త టీ తెచ్చిస్తే, "బాగుందండీ" అంది. ఆయన కంగారుపడి నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు.

ఇప్పుడు ఆవిడ వచ్చిన ప్రతివాణ్ణీ మెచ్చుకుంటుంది. బాగా చేసిన దాన్ని బాగుందంటుంది, ఎవరైనా ఫోను చేసి అడిగితే కళ్ళు మూసుకుని తీసుకోండి అంటుంది. కొందరు ఉంటున్నారు, కొందరు పోతున్నారు, ఇదివరకులాగే. చక్రాల సిద్ధాంతం తప్పని ఆవిడకు తెలిసింది, కానీ తెలిసి ఎవరికి లాభం?

ఆర్నెల్ల తర్వాత ఒకరోజు పొద్దున బస్టాపులో చిటికె కనబడింది. గోడౌను వాళ్ళిచ్చిన నీలం చొక్కా వేసుకుంది. కొంచెం ఒళ్ళు చేసింది. తమ్ముడు బాగా చదువుతున్నాడంది, ఆదివారాలు సెలవంది.

"ఇంట్లోనైనా వండుతున్నావా?" అడిగింది మాస్టరమ్మ.

"తమ్ముడు నేర్చుకుంటున్నాడు, వాడే వండుతున్నాడు. నేను వండితే అమ్మ బాగుందనే అంటుంది. పాపం, అమ్మ కదా, అలాగే అంటుంది."

బస్సొచ్చింది. చిటికె ఎక్కి కిటికీ పక్కన కూర్చుని, నవ్వుతూ చెయ్యి ఊపింది. మాస్టరమ్మ ఆ చేతినే చూస్తూ, బస్సు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడింది.