మొక్కితే ఆగిన లెక్క

కొత్తకోటలో బస్టాండుకు తిరిగే మలుపులో నాకొక ఫొటోల దుకాణం ఉండేది. తెలంగాణ వచ్చిన కొత్తలో ఎవరిని చూసినా చేతిలో దరఖాస్తే, ప్రతి దరఖాస్తుకూ ఫొటోలే. నా దగ్గరున్నది పాత విండోస్ కంప్యూటర్. దాన్ని రోజంతా ఎన్ని తిట్లు తిట్టినా, పొద్దున దుకాణం తెరవగానే మొక్కకుండా మాత్రం పని మొదలుపెట్టేవాణ్ని కాదు. స్విచ్ వేసి, గోడ మీది యాదగిరిగుట్ట స్వామి పటానికి ఊదుబత్తి ముట్టించి, కళ్లు మూసుకుని, రెండు అరచేతులూ కీబోర్డుకు ఆనించి కళ్లకద్దుకునేవాణ్ని. మా బాపు తన కుట్టుమిషన్‌కు అట్లాగే మొక్కేవాడు. అన్నం పెట్టేదానికి మొక్కకుండా బోణీ ఎట్లా చేస్తావురా అనేవాడు.

ఆ యేడు పెత్రమాస పదిహేను రోజులుందనగా ఒక అవ్వ వచ్చింది. ఆమె పెనిమిటి గొర్రెలు కాసేవాడు. సర్కారు ఇచ్చే గొర్రెల కోసం దరఖాస్తు పెట్టుకున్నప్పుడు నా దగ్గరే ఫొటో దిగాడు. ఎండాకాలంలో పోయాడు. ఇంట్లో ఆయనది మరో ఫొటో లేదు. పెత్రమాస నాడు మా వైపు చనిపోయిన పెద్దల పేరిట బియ్యం ఇస్తారు, పటం ముందు అన్నం, కూరలు పెడతారు. ఆయన పోయాక వస్తున్న మొదటి పెత్రమాస అది. పటం కట్టించేంత పెద్ద ఫొటో తీసివ్వమంది.

"ఆయన మొకం చూసుకుంట పెట్టుకుంట కొడుకా" అంది.

అదెంత పని అనుకున్నాను. ఆ ఏడాది ఫొటోల ఫోల్డర్ తెరిస్తే తెర మీద ఇసుక గడియారం తిరుగుతూనే ఉంది. చాయ్ తాగి వచ్చినా తిరుగుతూనే ఉంది. మౌస్‌ను బల్లకేసి కొట్టాను. రేపు రా అవ్వా అన్నాను.

షాద్‌నగర్‌లో కంప్యూటర్లు బాగుచేసే మా బామ్మర్దికి ఫోన్ చేశాను. హార్డ్ డిస్క్ మీద ఫైళ్లు ముక్కలు ముక్కలై చెదిరిపోయి ఉంటాయి, డిఫ్రాగ్ అనే ప్రోగ్రాం నడిపితే అన్నీ ఒకచోటికి చేరతాయన్నాడు. నడిపాను. చెదిరినవాటి ఎర్ర గీతలూ, కుదిరినవాటి నీలం గీతలూ కాసేపు కదిలాయి, సగం కాకముందే ఆగిపోయింది. మళ్లీ ఫోన్ చేస్తే, డిస్క్‌లో నూటికి పదిహేను వంతులన్నా ఖాళీ ఉండాలి బావా, నీది నిండుకుండలా ఉంది, ఏమన్నా తీసెయ్ అన్నాడు.

ఏం తీసేయాలి? కెమెరా నుంచి దించిన ఫొటోలన్నీ ఒక ఫోల్డర్‌లో ఉండేవి. వాటిలోంచి మంచివి ఏరి, సైజుకు కత్తిరించినవి ఇంకో దాంట్లో. ఏరినవి ఉన్నాయి కదా, తాలు ఎందుకు అనుకుని మొదటి ఫోల్డర్ మొత్తం తుడిపేశాను, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను. అప్పుడు నాకు ఇల్లు ఊడ్చుకున్నంత హాయిగా కూడా అనిపించింది.

అయినా డిఫ్రాగ్ ముందుకు పోలేదు. ఈసారి అసలు మొదలే కాలేదు. డిస్క్‌లో తప్పులున్నాయి, ముందు తనిఖీ కావాలి అని చెప్పింది. కరెంటు పోయినప్పుడల్లా మిషన్ టక్కున ఆగిపోయేది, ఆ తప్పులన్నీ అప్పటివేనట. తనిఖీ పెట్టి ఉంచు, పొద్దున ఆన్ చేయగానే అదే చేసుకుంటది అన్నాడు బామ్మర్ది. పెట్టాను. పొద్దున ఆన్ చేశాను. తనిఖీ జరగలేదు. మళ్లీ పెట్టాను, మర్నాడూ అంతే. నాలుగు రోజులు ఇదే తంతు. బామ్మర్ది నన్ను నమ్మడం మానేశాడు.

అవ్వ మాత్రం రోజూ మొదటి బస్సుకు దిగేది. దుకాణం తెరవకముందే మెట్టు మీద కూర్చునేది. నీకు వేరే పనేం లేదా అవ్వా అని ఒకరోజు కసిరాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ సిగ్గుతోనే మర్నాడు ఆమెను లోపల కుర్చీలో కూర్చోబెట్టి సంగతంతా చెప్పాను. చెదిరిపోయినవాటిని ఒక్కకాడికి తోలాలి, అది సాగట్లేదు అన్నాను. మందను దొడ్లెకు తోలినట్టా అని అడిగింది. అట్లాంటిదే అన్నాను. లెక్కపెట్టకుండ దొడ్డి ఎట్ల మూస్తరు అని తనలో తను అనుకుంది. నేను స్విచ్ వేసి, ఊదుబత్తి ముట్టించి, కళ్లు మూసుకుని మొక్కాను. కళ్లు తెరిచేసరికి మామూలు తెర వస్తోంది. తనిఖీ లేదు. నా నోట్లోంచి ఒక పాడు తిట్టు వచ్చింది.

"దాన్నెందుకు తిడుతవ్" అంది అవ్వ. "అది లెక్కపెడుతనే ఉన్నది. నువ్వే ఆపుతున్నవ్."

ఆమెకు చదువు రాదు. బస్సు నంబర్లకూ ఫోన్ నంబర్లకూ సరిపోయేన్ని అంకెలు వచ్చు. నీలం తెర మీద పది, తొమ్మిది, ఎనిమిది అని అంకెలు పడ్డాయట. నా చేయి కీబోర్డుకు తగలగానే మాయమయ్యాయట. తనిఖీ వద్దనుకుంటే పది సెకన్లలోపు ఏ మీటైనా నొక్కమని ఆ తెర అడుగుతుంది. కళ్లు మూసుకుని నేను రోజూ భక్తిగా పది మీటలు నొక్కుతున్నాను. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అవ్వే ముందు నవ్వింది.

మళ్లీ తనిఖీ పెట్టి, ఆపి, ఆన్ చేశాను. ఈసారి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. అంకెలు సున్నా దాకా దిగాయి, తనిఖీ మొదలైంది. పగటాల అన్నం వేళకు ముగిసింది. ఫోల్డర్ తెరిచి ఫొటో తీసివ్వాల్సింది అప్పుడే. కానీ నాలుగు రోజుల కసి నాది. ఇన్నాళ్లు సతాయించిన ఆ డిఫ్రాగ్ అంతు ముందు చూడాలనుకున్నాను. నడిపాను. అవ్వ కొంగులో తెచ్చుకున్న రొట్టె తిని కూర్చుంది. ఎర్ర గీతలు ఒక్కొక్కటే పోయి తెరంతా నీలమైంది. పూర్తయిందన్న మాట వచ్చినప్పుడు బల్ల మీద దరువేశాను.

ఫోల్డర్ వెంటనే తెరుచుకుంది. ఫొటో దొరికింది. తెర నిండా పెద్దది చేసి అవ్వను పిలిచాను. ఆమె చాలాసేపు చూసింది.

"రుమాలు లేదేంది?" అని అడిగింది. "రుమాలు లేకుంట ఆయన గడప దాటింది లేదు."

అప్పుడు యాదికొచ్చింది. ఆయన తలకు ఎర్ర రుమాలు చుట్టుకునే వచ్చాడు. ఒక ఫొటో అట్లాగే తీశాను కూడా. తీశాక, ఇట్లా ఉంటే ఆఫీసులో తీసుకోరు, తీసెయ్ అని గద్దించాను. ఆయన రుమాలు విప్పి ఒళ్లో పెట్టుకుని, నెరిసిన వెంట్రుకలను అరచేత్తో దువ్వుకున్నాడు. తెర మీద ఉన్నది ఆ రెండో ఫొటో. మొదటిది నేను తాలు కింద ఊడ్చేసిన వాటిలో ఉంది.

బయటికి వెళ్లి బామ్మర్దికి ఫోన్ చేశాను. తుడిపేసింది మళ్లీ రాదా అని అడిగాను. ఉదయమే అడిగి ఉంటే ప్రయత్నం చేసేవాణ్ని బావా అన్నాడు. తుడిపేసిన ఫొటో కొన్నాళ్లు డిస్క్‌లోనే ఉంటుందట, డిఫ్రాగ్ నడిస్తే ఆ జాగాలోకి వేరే ఫైళ్లు వచ్చి కూర్చుంటాయట, కింద ఉన్నది చెరిగిపోతుందట.

లోపలికి వచ్చి అవ్వకు దాచకుండా చెప్పాను. రుమాలుతో కూడా తీశానని, నేనే తుడిపేశానని, తొందరపడకుండా ఉంటే దొరికేదేమోనని. తిడుతుందని చూశాను. తిడితే బాగుండుననిపించింది. ఆమె తెర దగ్గరికి జరిగి, ఆయన నుదురు మీద వేలు పెట్టింది.

"మొకం మిగిలింది గద" అంది. "తల మీద జర జాగా ఇడిచి తియ్యి కొడుకా. రుమాలు ఇంట్లనే ఉన్నది, పటానికి నేను చుడత."

ఆమె చూపించినంత జాగా వదిలి ఫొటో తీసిచ్చాను.