చంద్రుడి మీద విసుర్రాయి

కలకత్తాలో మానవశాస్త్రం చెప్పే ఒక అయ్యవారు వేసవి సెలవులకు సొంతూరు కర్నూలు వచ్చేవారు. చంకలో ఎప్పుడూ చంద్రమండల ప్రయాణాల కథల పుస్తకం ఒకటి ఉండేది. ఎవరు ఎదురైనా ఆయన మొదటి మాట, "ఈ పొద్దు ఏం తిన్న్యావప్పా?"

ఒకరోజు మా మగ్గం చూడడానికి వచ్చి, భోజనానికి ఉండిపోయారు. మాది రోజూ జొన్న సంగటే. పెద్దమనిషికి సంగటి పెడితే పరువేముంటుందని అమ్మ, పండక్కని దాచిన బియ్యం వండింది. సంగటి కుండను, నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంటలో దాచింది.

ఆయన ఊరుకునే మనిషా! గుంటలోకి వంగి చూడనే చూశారు.

"ఇది ఈడ దాచినావేం తల్లీ? మీరు తినేదే నాకూ పెట్టు."

అమ్మ తల దించుకునే వడ్డించింది. ఆయన సంగటిలోకి వేరుశనగల ఊరిబిండి నంజుకుంటూ అమ్మను అడిగారు. "రేపు మనుషులు చంద్రుడి మీదికి పోతారు. నువ్వయితే ఏం తీసుకపోతావు?"

"జొన్నలు, సామీ. ఆడ ఇసురురాయి ఉంటాదా మరి?"

ఆయన ముద్ద ఆపేశారు. కుడిచేయి ఎంగిలి కదా, ఎడమచేత్తోనే పుస్తకం అంచున ఆ ప్రశ్న వంకరటింకరగా రాసుకున్నారు.

"ఇన్ని కథలు చదివినా. ఈ మాట ఒక్కరూ అడగలేదు తల్లీ."

ఆ తర్వాత ఎంతటి చుట్టం వచ్చినా, మా సంగటి కుండ మగ్గం గుంటలోకి దిగలేదు.