నూకరాజుకు చెప్పిన అబద్ధం

ఆరేళ్ళుగా ఒక అబద్ధం మోస్తున్నాను. ఇవాళ పొద్దున దాన్ని దించేశాను. అక్షరాలు వంకర పోతున్నాయి, అయినా ఆగలేకపోతున్నాను. మీకు చెప్పాలి, మొదటి నుంచీ చెప్పాలి. మీరు నన్నెరగరు కాబట్టే ఇంత తేలిగ్గా రాయగలుగుతున్నానేమో!

నేను అనకాపల్లి బెల్లం మార్కెట్లో గుమస్తాని. బైకు మీంచి పడి కాలు విరిగితే ఆపరేషన్ చేసి నొప్పికి మాత్రలు రాశారు. కాలు అతుక్కుంది. మాత్రలు ఆగలేదు. రోజుకు రెండు కాస్తా పది అయ్యాయి. వేసుకోకపోతే ఒళ్ళంతా పీకేది, ముక్కు కారేది, కడుపు తిప్పేది. చివరికి మా అన్నయ్య నన్ను తీసుకెళ్ళి డీ-అడిక్షన్ సెంటర్లో చేర్పించాడు.

అక్కడ పక్క మంచం నూకరాజుది. రాజయ్యపేటలో సముద్రం మీద వేటకెళ్ళేవాడు. వల లాగీ లాగీ భుజం పోయి, నొప్పి ఇంజెక్షన్లకు అలవాటుపడ్డాడు. మొదటి వారం ఇద్దరం ఒకే బకెట్లో వాంతులు చేసుకున్నాం. ఆ వారంలోనే నన్ను బావా అని పిలవడం మొదలుపెట్టాడు.

డాక్టరమ్మ మాకు మత్తు మీద యావ తగ్గడానికి నాలుక కింద పెట్టుకునే మాత్ర ఇచ్చింది. నెలల తరబడి వాడాలని, బాగున్నాం కదా అని సొంతంగా ఆపొద్దని చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది. మళ్ళీ జారడమంటే బుద్ధి లేకపోవడం కాదు, జబ్బు తిరగబెట్టడం. అలా జరిగితే దాచకుండా ఆ రోజే రండి, మందు సరిచేద్దాం అంది. నేను తలూపాను. వినకుండా కాదు. బాగా విన్నాను.

ఇంటికొచ్చాక ప్రతి శనివారం సెంటర్లో అందరం కలిసేవాళ్ళం. ఎన్ని రోజులుగా మానేశామో ఒక్కొక్కరూ చెప్పాలి. చెప్పగానే చప్పట్లు. అబ్బ, ఆ చప్పట్లు! అంతకుముందు నన్నెవరూ దేనికీ మెచ్చుకున్నది లేదు. వారమంతా వాటికోసమే ఎదురుచూసేవాణ్ణి. ఒక మత్తు వదిలించుకుంటూ ఇంకోటి తగిలించుకున్నానా? అప్పుడు ఆలోచించలేదు.

నాలుగో నెలలో జారాను. ఇంట్లో మాటామాటా పెరిగింది. అదే కారణమా? కాదు, కారణం కోసం నేనే వెతుక్కున్నాను. నన్ను గుర్తుపట్టేవాళ్ళు ఉండరని బస్సెక్కి ఎలమంచిలి వెళ్ళి, పాత చీటీ చూపించి మాత్రలు తెచ్చుకున్నాను. నాలుక కింద మాత్ర మానేసి, మూడు రోజులు అవే మింగాను. నాలుగో రోజు భయమేసి మిగిలినవి కాలవలో పారేశాను. శనివారం నా వంతు వచ్చింది. "నూట ఇరవై రోజులు," అన్నాను. ఎవరో మాడుగుల హల్వా తెచ్చారు. మొదటి ముక్క నూకరాజే నా నోట్లో పెట్టాడు.

రెండు వారాల తర్వాత అతను జారాడు. మిట్టమధ్యాహ్నం మార్కెట్ గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మొహం పీక్కుపోయి ఉంది.

"బావా, నిన్న సూది ఏసుకున్నాను. ఎవరికీ సెప్పలేదు."

అతన్ని గేటు పక్కకు, నీడలోకి తీసుకెళ్ళాను.

"నిజం సెప్పు బావా. నువ్వొక్కసారైనా జారేవా?"

"లేదు రాజూ. ఒక్కసారి కూడా లేదు."

"అయితే మందులో తప్పేటీ లేదన్నమాట. నేనే పనికిరానోణ్ణి."

నన్ను నిందించలేదు. నా కోసం సంతోషపడ్డట్టు కొంచెం నవ్వాడు కూడా. ఒక్క ముక్క, "నేనూ జారాను, పద, ఇద్దరం డాక్టరమ్మ దగ్గరికి వెళ్దాం" అనుంటే! నోటిదాకా వచ్చింది. మింగేశాను. మనసు గట్టి చేసుకోమని సలహా ఇచ్చి పంపించాను. సలహా! నేను!

ఆ తర్వాత నూకరాజు శనివారాలు రాలేదు. మందూ మానేశాడు. కొన్నాళ్ళు ఏమీ ముట్టకుండా ఉండి, ఒకరోజు పాత మోతాదులోనే ఇంజెక్షన్ తీసుకున్నాడు. ఒంటికి ఆ అలవాటు అప్పటికే తగ్గిపోయింది, తట్టుకోలేకపోయింది. కుడిచెయ్యి ఒంటికింద నలిగిపోయి గంటలకొద్దీ స్పృహ లేకుండా పడున్నాడు. భార్య పైడమ్మ చూసి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ప్రాణం దక్కింది. చేతి నరం దెబ్బతింది. వల పట్టలేక ఇద్దరూ గుజరాత్‌లో చేపల షెడ్డు పనికి వెళ్ళిపోయారు.

నేనిక్కడ పెద్దమనిషినయ్యాను. కొత్తగా వచ్చినవాళ్ళకు నన్నే చూపించేవారు, ఒక్కసారి కూడా జారనివాడని. ఆ మాట విన్న ప్రతిసారీ ఆ గేటు దగ్గర నవ్వు కనబడేది. నా అబద్ధం ఒక్కటే అతన్ని పడేసిందా? తెలియదు. ఇలా నన్ను నేనే ప్రశ్నించుకోవడం కూడా తప్పించుకోవడమేనేమో.

ఇవాళ పొద్దున శనివారం సమావేశంలోకి నూకరాజు వచ్చాడు! పక్కన పైడమ్మ. మళ్ళీ వైద్యం మొదలుపెడతాడట. నాకు కలిగింది భయమా, సంతోషమా? రెండూ. బతికి ఉన్నాడు, నా ఎదురుగా ఉన్నాడు, ఇప్పుడు చెప్పొచ్చు! నా వంతు రాకముందే లేచాను. ఎలమంచిలి, మూడు రోజులు, నూట ఇరవై అన్న అంకె, మార్కెట్ గేటు, అన్నీ చెప్పేశాను.

నూకరాజు తల ఎత్తలేదు. ఎడంచేత్తో కుడి మణికట్టు పట్టుకుని కూర్చున్నాడు. పైడమ్మే అడిగింది:

"ఆ రోజు ఈ మాట సెప్పడానికి నీకేటి అడ్డమొచ్చింది బాబూ?"

డాక్టరమ్మ పిలిస్తే ఇద్దరూ లోపలికి వెళ్ళారు. క్షమించమని నేను అడగలేదు. అడిగే హక్కు ఉందనుకోవడం లేదు. వచ్చే వారం నాతో మాట్లాడతాడో లేదో కూడా తెలియదు.

బయటికొచ్చి రోడ్డు మీద చాలా దూరం ఊరికే నడిచాను. దాదాపు పరిగెత్తాను. ఎదురొచ్చిన ప్రతి మనిషికీ చెప్పెయ్యాలనిపించింది: నేను జారాను, నేను దాచాను, అతనికి అవసరమైనప్పుడు ఆ నిజం చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు లెండి. ఇంటికొచ్చి మీకు రాస్తున్నాను.